తల తిప్పని రోజు

గవర్రాజు పొద్దుటి నుంచీ ఆ ఎడమ స్తంభం చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. టేపుతో మూడుసార్లు కొలిచాడు. గోడకి రెండు జానల ఎడం, ఉంది. రెండు స్తంభాలకీ మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ తన కుర్చీకీ అంతే దూరం, అదీ ఉంది. అడుగున ముళ్ళకాళ్ళు ఇత్తడి బిళ్ళల మీద కదలకుండా నిలబడ్డాయి. మెత్తటి కుంచెతో ముందున్న పొరల మీది దుమ్ము దులిపాడు, వేలు తగలనివ్వకుండా. దేవుడి పటాలకైనా ఇంత సేవ ఎన్నడూ చేసి ఎరగడు మహానుభావుడు.

కాకినాడ అంతా నలభై అంతస్తుల మేడలై, కిటికీ పక్కనే గాలిబళ్ళు తిరగడం మొదలయ్యాక, ఆ రొద భరించలేక జనం ఈ మౌనస్తంభాలు తెచ్చుకున్నారు. మనిషెత్తు స్పీకర్ల జత. పాటలూ పాడతాయి, అక్కర్లేని చప్పుడు వినబడితే దానికి సరిగ్గా ఎదురునాదం పుట్టించి రెంటినీ గాల్లోనే చంపేస్తాయి. బయటి రొద కుడిదాని వంతు, ఇంట్లో చప్పుళ్ళు ఎడమదాని వంతు. ఇప్పుడు స్తంభాల్లేని ఇంట్లో అద్దెకి కూడా ఎవరూ దిగరు.

అయితే గవర్రాజు బాధ వేరు. ఆ ఎడమ స్తంభం ఎదురునాదం పుట్టించినప్పుడల్లా నేలలోంచి అతని అరికాళ్ళకి ఓ చిన్న అదురు తగిలేది. రోజుకి ఏడెనిమిదిసార్లు. స్తంభం ఆరోగ్యంగా ఉందనడానికి అదే గుర్తని మురిసిపోయేవాడు. కొన్నాళ్ళుగా ఆ అదురు లేదు. అప్పట్నుంచి తిన్నది ఒంటబట్టడం లేదు, కూర్చున్నచోట కుదురు లేదు.

భార్య సత్యవేణి కాఫీ తెచ్చి స్టూలు మీద పెట్టి, మారుమాట లేకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముప్ఫయ్యేళ్ళ కాపురం. మొదట్లో వసపిట్టలా వాగేది. ఈ మూడేళ్ళలో బాగా నెమ్మదించింది, మంచిదే అనుకున్నాడు గవర్రాజు.

పదకొండింటికి స్తంభాల కంపెనీ నుంచి ఝాన్సీ వచ్చింది. చేతిలో చిన్న పలక, నడుముకి పనిముట్ల సంచి.

"ఏంటండి బాబాయ్‌గారూ, మళ్ళీ కొలతలేనా?"

"కొలతలకేం, లక్షణంగా ఉన్నాయి. ఎడమదానికి ప్రాణం పోయిందమ్మా. అదురు రావట్లేదు."

ఝాన్సీ పలకని స్తంభం వెనక ఆనించి కాసేపు చూసింది. "ఆయ్, దీనికేం రోగం లేదండి. చంపాల్సిన చప్పుడే రావట్లేదు. ఎదురునాదం ఎందుకు పుడతది?"

"ఏ చప్పుడది?"

"ఉండండి, చెరుపుపట్టీ చూస్తాను." పలక మీద వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళి, ఆగిపోయింది. వంటింటి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "ఇది చప్పుడు కాదండి. పిన్నిగారి పిలుపు. 'ఏవండీ' అని. మూడేళ్ళలో ఎనిమిదివేల ఏడువందల పన్నెండుసార్లు చెరిపేసింది. ఆఖరుసారి పిలిచి పంతొమ్మిది రోజులైందండి."

గవర్రాజు చేతిలో టేపు చటుక్కున చుట్టుకుపోయింది.

"దాని పిలుపు చెరపమని నేనెప్పుడు చెప్పాను?"

"నోటితో చెప్పక్కర్లేదండి. స్తంభాలు పెట్టిన మొదటి రోజు నేర్పుదినం కదా. ఆ రోజు ఏ చప్పుడుకి ఇంటాయన తల తిప్పితే అది కావాల్సింది, తిప్పకపోతే అక్కర్లేనిది. ఆ రోజు పిన్నిగారు పదకొండుసార్లు పిలిచారు."

అతనికి గుర్తొచ్చింది. ఆ రోజంతా నేల మీద బోర్లా పడుకుని ముళ్ళకాళ్ళు మట్టం చేస్తున్నాడు. రసమట్టంలో బుడగ మధ్యకి రాక చస్తున్నాడు. వంటింట్లోంచి ఏవండీ, ఏవండీ అంటూనే ఉంది.

"నేను 'ఊఁ' అన్నానమ్మా! ప్రతిసారీ 'ఊఁ' అన్నాను!"

"ఊఁ కొడితే లెక్కలోకి రాదండి. మెడ తిరగాలి."

పాత తగాదాలన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. "పిలిస్తే పలకరేం?" అని ఆవిడ. "ఎప్పుడు పిలిచావ్, అబద్ధాలాడకు" అని తను. ఎదురుగా వచ్చి నిలబడి చెప్పినవన్నీ వినబడేవి మరి. పిలిచింది మాత్రం గాల్లోనే చచ్చేది. వెర్రివాడిలా ఆ చావు అదురుకే మురిసిపోయాడు తను. ఛీ, ఏం బతుకు అనిపించింది.

"మళ్ళీ నేర్పొచ్చా?"

"ఆవిడ పిలవాలి, తమరు తిరగాలి. ఆవిడ పిలవడమే మానేశారు కదండీ."

గవర్రాజు వంగి రెండు స్తంభాల తీగలూ పీకేశాడు. వాటి మీది దీపాలు ఆరిపోయాయి. గాలిబళ్ళ రొద, లిఫ్టు గీ అనడం, పై వాటా వాళ్ళ రోటి దెబ్బలు, అన్నీ జోరీగల్లా ఇంట్లోకి వచ్చిపడ్డాయి. ఝాన్సీ చెవులు మూసుకుంది.

వంటింటి గుమ్మంలో సత్యవేణి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"వేణీ!" అన్నాడు.

ఆవిడ తల ఎత్తలేదు.

"సత్యవేణీ!" ఈసారి గట్టిగా.

అప్పుడే కింద వీధిలోంచి పూలమ్మే మనిషి కేక వినబడింది. సత్యవేణి చటుక్కున కిటికీ వైపు తిరిగి చూసింది. మళ్ళీ చిక్కుడుకాయల మీదకి వంగింది.

గవర్రాజు స్తంభాల వైపు చూశాడు. దీపాలు ఆరిపోయే ఉన్నాయి. ఝాన్సీ కూడా పలక చూసి, అవేం చెరపలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను వెళ్ళి భార్య ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"వేణీ, వినబడలేదా?"

ఆవిడ చేతిలో కాయ ఆగింది.

"మొదటిసారే వినబడింది," అంది. "తిరగాలని తోచలేదు."