బ్రెన్నర్ ఇంటి కిటికీలో ఇద్దరు

అక్టోబర్ వచ్చిందంటే ఆ అక్కచెల్లెళ్లు రోజుకొక దెయ్యం సినిమా చూసేవారు. ఇప్పుడు చూడడం లేదు.

వాళ్ల సంగతి తరువాత. ముందు వాళ్ల ఎదురింటి సంగతి చెప్పాలి... చెడ్డపేరు దానిది కనుక.

ఒహాయో నది ఒడ్డున, ఉక్కు కర్మాగారం మూతపడ్డాక సగం ఖాళీ అయిన ఊరది. అందులో ఒక సన్నని వీధి చివర బ్రెన్నర్ వారి ఇల్లు. వాళ్లు వెళ్లిపోయి ఎన్నేళ్లయిందో ఊళ్లో ఎవరూ సరిగా చెప్పలేరు. తలుపులకు అడ్డంగా చెక్కలు కొట్టారు. మేడ మీది పెద్ద కిటికీ అద్దం మాత్రం ఎందుకో ఇన్నాళ్లూ పగలలేదు. అక్టోబర్ ఆఖరి రోజున, హాలోవీన్ నాడు, వేషాలు వేసుకుని మిఠాయిల కోసం గడపగడపా తిరిగే పిల్లలు కూడా ఆ గడప తొక్కరు.

ఎందుకంటే— అక్టోబర్‌లో, చీకటి పడ్డాక, ఆ కిటికీలో వెలుగు కనిపించేదట. దీపం వెలుగు కాదు... నీలంగా, వణుకుతూ, ఉన్నట్టుండి మలిగి, మళ్లీ రాజుకునే వెలుగు. దాని నడుమ రెండు తలలు. ఒకటి ఎత్తుగా, ఒకటి కిందుగా. కదిలేవి కావు... అలా చూస్తూనే ఉండేవట.

కరెంటు తీగ ఎప్పుడో కోసేసిన ఇంట్లో!

ఆ ఇంటికి ఎదురుగా, మిట్ట మీద, లూయెల్లా, ఇర్మా ఉండేవారు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. లూయెల్లా పెద్దది, పొడగరి. సినిమాలు ఎంచడంలో ఆమెకు కొన్ని పట్టింపులుండేవి.

"నెత్తురు కనిపించిందా, భయం పోతుందే ఇర్మా. అసహ్యం మిగులుతుంది. భయానికి మూసిన తలుపు ఒక్కటి చాలు," అనేది.

నెల మొదట్లో పొగమంచు కమ్మిన రేవులు, ఎవరూ దిగని రైలు స్టేషన్లు. ఆకులు ఎర్రబడ్డాక పాత బంగళాలు. ఆకులు రాలిపోయాక శ్మశానాలు. బయట గాలి ఎలా ఉంటే లోపల సినిమా అలా ఉండాలి. దెయ్యమే జారిపడి నడుం విరగ్గొట్టుకునే నవ్వుల సినిమా ఒకటి ఇర్మాకు ప్రాణం. దాన్ని లూయెల్లా ఏటేటా పక్కకు నెట్టేది.

"అక్టోబర్‌ను అవమానించకే తల్లీ!"

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. హాలోవీన్ రాత్రి ఆఖరి సినిమా అయ్యాక, వచ్చే అక్టోబర్‌కు మొదటి సినిమా లూయెల్లా ఎంచి, దాని పాత వీడియో క్యాసెట్‌ను టీవీ కిందున్న మిషన్‌లోకి నెట్టి వదిలేసేది. ఏమిటని చెల్లెలు అడగకూడదు. మళ్లీ అక్టోబర్ దాకా ఆ మిషన్‌ను ఎవరూ ముట్టకూడదు.

కిందటి హాలోవీన్ తరువాత, చలికాలం మంచు కరగక ముందే లూయెల్లా పోయింది. క్యాసెట్ మిషన్‌లోనే ఉంది.

అక్టోబర్ వచ్చింది. ఇర్మా మీట నొక్కలేదు. సినిమాకు భయపడి కాదు. నొక్కనంత కాలం అక్క చెప్పవలసిన మాట ఒకటి మిగిలి ఉన్నట్టే కదా... నొక్కితే అదీ అయిపోతుంది. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూనే నెల గడిచిపోయింది. హాలోవీన్ వచ్చేసింది. నవంబర్‌లో దెయ్యాల సినిమా పెట్టడాన్ని మాత్రం లూయెల్లా చచ్చినా ఒప్పుకోదు. ఈ అక్టోబర్‌కని దాచిన ఆ మాట, ఈ సాయంత్రం దాటితే ఇక ఎప్పటికీ వినబడదు.

రాక్షసులు, రాకుమార్తెలు వచ్చి చాక్లెట్లు పట్టుకుని పోయారు. అప్పుడే చిక్కబడ్డ చీకట్లో మెట్లెక్కి హాంక్ డూలీ వచ్చాడు. ఒకప్పుడు బస్సు నడిపినవాడు. అక్టోబర్‌లో నల్లటోపీ పెట్టి, లాంతరు పట్టి, పైఊళ్ల వాళ్లకు ఈ ఊరి దెయ్యాల తావులు చూపించడం ఇప్పుడతని వ్యాపకం. కింద రోడ్డు మీద ఆ రాత్రి అతని వెంట వచ్చిన జనం ఎదురింటి వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"ఏమమ్మా ఇర్మా, నీ ఎదురింటి దెయ్యాలకు ఈ ఏడు ఏమొచ్చింది? సెలవు పెట్టాయా?"

"నన్నడుగుతావేం? పెంచి పోషించినవాడివి నువ్వు."

"నవ్వులాట కాదు. నెలంతా ఆ కిటికీ ఒక్కనాడూ వెలగలేదు. మొన్న ఒకావిడ, 'కిటికీ చూడ్డానికా ఇంత దూరం నడిపించావు, మా ఇంట్లో పది ఉన్నాయి' అని మొహం మీదే అనేసింది."

ఇర్మా చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకే అలసట వచ్చింది.

హాంక్ టోపీ తీసి, గొంతు తగ్గించాడు.

"నువ్వెలా ఉన్నావు?"

"ఉన్నాను."

"తిన్నావా?"

"చాక్లెట్లు మిగిలాయి."

"అవి తిండా? రేపు మా ఆవిడ సూప్ పంపుతుంది. వద్దనకు... దానికి కోపం వస్తే ఈ దెయ్యాలు ఏ మూలకూ రావు."

అతను దిగి వెళ్లాక ఇర్మా లోపలికి వచ్చింది. దీపాలన్నీ ఆర్పింది. వీధి కిటికీకి వీపు పెట్టి ఉండే సోఫాలో, ఎప్పటిలాగే ఎడమ పక్కన కూర్చుంది. దుప్పటి ఒళ్లోకి లాక్కుంది.

ఇంకెంతసేపు...

మీట నొక్కింది.

మిషన్ గరగరలాడింది. తెర మీద గీతలు పారాయి. తరువాత ఒక మెట్లదారి, కొవ్వొత్తి, తెల్లని దుస్తుల్లో దెయ్యం— అది మెల్లగా రెండు మెట్లు దిగింది... మూడో మెట్టు మీద జారి, దబ్బున పడి, నడుం పట్టుకుంది.

ఇర్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన సినిమా! అక్టోబర్‌కు అవమానం అన్న సినిమా. మొదటి రోజుకు... అక్క స్వయంగా పెట్టింది.

నవ్వు వచ్చింది. కన్నీళ్లు వచ్చాయి. ఏది ముందు వచ్చిందో ఆమెకు తెలియలేదు.

సరిగ్గా అప్పుడు బయట ఎవరో కెవ్వుమన్నారు.

"అదిగో... అదిగో వెలుగు!"

ఇర్మా వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద జనం తనకు వీపులు పెట్టి, మేడ కిటికీ వైపు వేళ్లు చూపిస్తున్నారు. ఆ అద్దంలో నీలి వెలుగు వణుకుతోంది. ఇక్కడ తెర మలిగితే అక్కడ మలుగుతోంది. ఇక్కడ వెలిగితే అక్కడ వెలుగుతోంది.

ఆమెకు అంతా అర్థమైంది. తమ టీవీ వెలుగే... తమ కిటికీలోంచి, జనం తలల మీదుగా వెళ్లి ఆ అద్దంలో పడుతోంది. ఇన్నేళ్లూ ఊరిని హడలగొట్టిన దెయ్యాలు తామిద్దరే! వీపు తిప్పి కూర్చున్న తామెన్నడూ చూడలేదు. వీపు తిప్పి నిలబడ్డ వాళ్లూ చూడలేదు.

'విన్నావా అక్కా,' అనబోతూ మళ్లీ తెర వైపు తిరిగింది.

కింద నుంచి హాంక్ గొంతు వినిపించింది. గుసగుసగానే అన్నాడు గానీ, వీధంతా ఊపిరి బిగబట్టి ఉంది కనుక స్పష్టంగా వినిపించింది.

"చెప్పానా... ఇద్దరు. ఈ పక్కది పొట్టి. ఆ పక్కది పొడుగు."

ఇర్మా నవ్వు ఆగిపోయింది.

ఆమె కుడివైపు తల తిప్పలేదు. మెల్లగా... చాలా మెల్లగా, ఒళ్లో ఉన్న దుప్పటిలో సగం అటువైపు పరిచింది.

కిందటేడు ఇదే రాత్రి, క్యాసెట్‌ను మిషన్‌లోకి నెట్టి, "ఏమిటని అడగకు," అంది లూయెల్లా. "అడగను," అంది ఇర్మా. తరువాత ఇద్దరూ లేచి ఇదే దుప్పటిని చెరొక రెండు కొసలు పట్టుకున్నారు. గట్టిగా దులిపారు. సగానికి మడిచి, ఒకరికొకరు ఎదురు నడిచారు. లూయెల్లా తన కొసలు చెల్లెలి చేతుల్లో పెట్టింది. ఇర్మా అందుకుంది.