శనిని చూడబోతే కనబడ్డవాడు

మా వైపు రొయ్యల చెరువుల మధ్యన ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఉంది అంటే... గోడలున్నాయి. మూతపడి చాలా ఏళ్లయింది. పొద్దు వాలితే ఆ గట్టున ఎవరూ నడవరు. తప్పనిసరై వెళ్లినవాళ్లు పక్కకి చూడకుండా సైకిలు తొక్కుకుంటూ పోతారు. లోపల్నుంచి ఎవరో పిలుస్తారట. పేరు పెట్టి కాదు. ఊరికే... "ఓయ్" అని. పలికామా, మర్నాడు మంచం పట్టడమేనట.

ఇది నాకు చెప్పింది సత్యశ్రీ. భీమవరంలో సైన్సు టీచరు. ఆవిడ మావగారు పెద్దిరాజు గారి చెరువులు సరిగ్గా ఆ ఫ్యాక్టరీ ఎదురుగానే ఉన్నాయి.

రెండు వేల నాలుగో, అయిదో... ఆ చలికాలం పెద్దిరాజు గారు మద్రాసు వెళ్లి కంప్యూటరు టెలిస్కోపు కొనుక్కొచ్చారు. ఏళ్ల తరబడి చెరువుల కాపలాలో చుక్కల్ని చూసి చూసి, వాటిని ఒక్కసారైనా దగ్గరగా చూడాలని ఆయన కోరిక. ముందు ఏం చూద్దామండీ అని కోడలు అడిగితే, "శని. చుట్టూ ఆ ఉంగరం చూడాలమ్మా" అన్నారు.

అత్తగారు మాణిక్యాంబ గారు గుండెలు బాదుకున్నారు.

"ఆయన మన వంక చూడకపోతే చాలని లోకమంతా నూనె పోస్తుంటే, మీరు కోరి వెళ్లి చూస్తారా!"

ఊళ్లో దీపాలెక్కువ. అందుకని చీకటి పడగానే మావగారూ కోడలూ చెరువు గట్టుకి బయల్దేరారు.

మూడు కాళ్ల స్టాండు పాతారు. గట్టు మట్టి మెత్తన... ఒక కాలు దిగిపోతోంది. దాని కింద పెంకు ముక్క పెట్టి, స్టాండు మీది మట్టంలో నీటి బుడగ మధ్యకి వచ్చేదాకా సరిచేశారు. పొట్టి డ్రమ్ములాంటి గొట్టం బిగించి ఉత్తరానికి తిప్పారు. బ్యాటరీ తగిలించగానే రిమోటు మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. ఊరేదని అడిగింది. అందులో ఉన్నవాటిలో దగ్గరిది అదే కనక, సత్యశ్రీ హైదరాబాదు అని నొక్కింది. టైము కొట్టింది. తేదీ కొట్టింది. తర్వాత చుక్కల్ని చూపించి సరిచూసుకోమంది.

"అదంతా రేపు చూద్దాంలే. ముందు శని నొక్కు" అన్నారు పెద్దిరాజు గారు. ఆయనకి కాలు నిలవడం లేదు.

నొక్కింది.

గుయ్యిమని మోటారు కదిలింది. ఎవరూ ముట్టుకోకుండానే గొట్టం తిరగడం మొదలెట్టింది. తూర్పుకి తిరిగింది. ఆకాశంలోకి లేవాల్సింది... లేవలేదు. అలాగే నేలబారుగా తిరిగి, తిరిగి... టక్కున ఆగింది.

ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ.

"ఏంటమ్మా, అటు పోయింది?"

"తెలీదండి మావయ్యగారూ..."

మళ్లీ నొక్కింది. కాస్త కదిలి, మళ్లీ అక్కడే ఆగింది. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు హోరుమంటున్నాయి. ఆ హోరులో పక్కమనిషి మాటే సరిగ్గా వినబడదు. పెద్దిరాజు గారు ఆవిడ చెవి దగ్గరికొచ్చి అన్నారు.

"ఆపెయ్. ఇంటికి పోదాం."

ఆవిడకీ భయంగానే ఉంది. అయినా వంగి కన్ను పెట్టింది. ఏదో తెల్లగా, మసగ్గా ఉంది. మర మెల్లగా తిప్పింది... వెన్నెల్లో గోడ తేలింది. గోడ మీద నల్లగా ఒక మరక. ఇంకాస్త తిప్పింది.

మరక కాదు. మనిషి.

గోడకి ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు. చేతులు రెండూ పైకెత్తి... రమ్మన్నట్టు మెల్లగా ఊపుతున్నాడు.

సత్యశ్రీ కన్ను తియ్యాలనుకుంటే తియ్యలేకపోయింది. అప్పుడు కనబడింది, వాడి పక్కనే కొబ్బరిచెట్టు. దాని మొవ్వు కిందికి ఉంది. మొదలు పైకి ఉంది.

ఈ గొట్టంలో ఏదైనా తలకిందులుగానే కనబడుతుంది. చెట్టు తలకిందులైతే... నిటారుగా నిలబడ్డవాడు?

"మావయ్యగారూ! అది దెయ్యం కాదండి! ఎవరో తలకిందులుగా వేలాడుతున్నారు... బతికే ఉన్నాడండి!"

ఆయన రామనామం ఆపి ఆవిడ మొహంలోకి చూశారు. మరుక్షణం పంచె ఎగగట్టి గట్టెంట పరుగు. ఆవిడ వెనకాల టార్చితో.

వెనకవైపు మెట్లెక్కి మేడ మీదికి చేరారు. పిట్టగోడకి కట్టిన తాడు బిగుసుకుని కీచుమంటోంది. తొంగిచూస్తే తాడు కొసన చీలమండ చిక్కుకుని ఒక మనిషి. గోడ నిలువునా నీళ్లలోకి దిగిపోయింది. అడుగున లోతైన మురుగు కాలవ తప్ప ఏమీ లేదు. ఇద్దరూ కలిసి లాగారు. అరచేతులు చీరుకుపోయాయి. ఎలాగో మేడ మీదికి చేర్చారు.

తేనెపట్లు కొట్టే రాజరత్నం. గోడకి పట్టిన తేనె కోసం మధ్యాహ్నం దిగి జారాడట. తల బరువెక్కి, మొహం వాచిపోయింది. గొంతు బొంగురుపోయింది. నీళ్లు తాగించాక మెల్లగా అన్నాడు.

"గట్టు మీద మనుషులు పోతానే ఉన్నారండి... ఓయ్, ఓయ్ అని అరిచానండి. అరిచినకొద్దీ పారిపోయారండి..."

పెద్దిరాజు గారు తల దించుకున్నారు. కాసేపటి ముందు ఆయనా వెళ్లిపోదామన్నవారే.

జీపులో భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లారు. గొట్టం ఎందుకు అటు తిరిగిందో బెంచీ మీద కూర్చున్నాక సత్యశ్రీకి తట్టింది. ఆ రిమోటు అమెరికా పద్ధతిది, నెల ముందు కొట్టాలి. తను తేదీ ముందు కొట్టింది. దాంతో దాని లెక్కలో శని ఇంకా తూర్పున నేల అంచు దాటి లేవనే లేదు. అంతే... ఒక్క పొరపాటు ఒక ప్రాణం నిలబెట్టింది అనుకుని, అప్పటికి కొంచెం నవ్వొచ్చింది.

లోపల్నుంచి డాక్టరు వచ్చారు.

"అంతసేపు తలకిందులుగా ఉంటే మామూలుగా బతకడండి. ఎవరైనా ఎత్తి పట్టుకున్నారా?"

లేదన్నారు ఇద్దరూ.

చూడ్డానికి లోపలికి వెళితే, రాజరత్నం పెద్దిరాజు గారి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, ఆ చేతిని తడిమి చూసి... వదిలేశాడు.

"తమరు కాదండి. మీ చెయ్యి వెచ్చగా ఉంది."

"ఏంట్రా?"

"పొద్దుగూకిన కాణ్ణుంచి కింద నిలబడి, నా భుజాలు ఎత్తి పట్టుకున్నాడండి ఒకాయన... ఆయన చేతులు ఐసుగడ్డలేనండి. మీ టార్చి పడగానే వదిలేశాడు. ఆయన్ని కూడా పైకి లాగారా అండి?"