దొడ్డమ్మ చావుకు లీవు

బెంగళూరు. మడివాళ సిగ్నల్... రెడ్!

ఓబులేష్ ఆగడు. బైకు దూకుతుంది. వెనక హారన్లు, బూతులు!

అప్పుడే చీకటి పడుతోంది. చెవిలో ఫోన్. అవతల దొడ్డమ్మ... తల్లి పోయాక వాణ్ణి పెంచిన పెద్దమ్మ.

"దొడ్డమ్మా! చాప మింద పండుకో! ముక్కులో దూది పెట్టుకో!"

"ఏమయిందిరా నీకు? అనపకాయలు ఒలుస్తుండాను!"

"నువ్వు పొద్దున్నే సచ్చిపోయినావు!"

"అవునా! నాకు ఎవురూ చెప్పలేదే?"

తప్పు వాడిదే. ఓ ఐటీ ఆఫీసులో డ్రైవరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. గుట్టుగా వెళ్లాలి. లీవు కావాలి. దొడ్డమ్మను చంపేశాడు... ఫోన్‌లో!

వాడి ఓనర్ దేవరాజ్. ఖాళీ సైట్ల కబ్జా ఆయన వ్యాపారం. పని మానేస్తానన్న పాత డ్రైవరు రాజు బొమ్మసంద్రలో ఓ పునాది కింద ఉన్నాడు. అయినా ఎంత మర్యాదస్తుడనుకున్నారు! తాను చంపినవాడి ఇంట్లోనైనా సరే, మొదటి మాల ఆయనదే! సొంత డ్రైవరింట్లో చావంటే వదులుతాడా?

ఇందాకే ఫోన్ చేశాడు. "మాల తీసుకున్నానప్పా. హెబ్బగోడికి... మీ ఇంటికే వస్తుండా."

సిల్క్ బోర్డు... బైకు ఫుట్‌పాత్ ఎక్కుతుంది!

హోసూరు రోడ్డు... లారీకీ బస్సుకీ మధ్య దోమ కూడా పక్కకు తిరిగి వెళ్లాల్సినంత సందు. ఓబులేష్ దూరేస్తాడు!

ఇల్లు. గుమ్మంలో తెల్ల తోలు చెప్పులు.

ముందే వచ్చేశాడు!

లోపల చాప మీద దొడ్డమ్మ. కదలదు. ముక్కులో దూది. మెడలో గులాబీ మాల. పక్కన దేవరాజ్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

నమ్మేశాడు!

"అప్పా..." దేవరాజ్ లేచి వాటేసుకుంటాడు. వీపు నిమురుతాడు.

చెయ్యి ఆగుతుంది.

"చావింట్లో ఇస్త్రీ చొక్కా ఏమప్పా?"

జేబు మీది స్టిక్కర్ పీకుతాడు. 'విజిటర్'. కింద ఆఫీసు పేరు. ఈరోజు తేదీ.

చచ్చాడు! తీయడం మరిచాడు!

"పని దొరికిందా?" దేవరాజ్ నడుం నుంచి పిస్టల్ తీస్తాడు.

"తప్పయిపోయిందన్నా! నన్ను కాల్చేయ్!"

"నిన్నెందుకప్పా? మంచి డ్రైవరువి."

దేవరాజ్ చాప వైపు చూస్తాడు. దూది సన్నగా వణుకుతోంది. దొడ్డమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది... పెంచినవాడి కోసం.

పిస్టల్ చాప వైపు వంగుతుంది.

"నా మనిషి చెప్పింది అబద్ధం కాకూడదు. లీవు ఇచ్చినా. కర్మలన్నీ అయినాకే రా."

"అన్నా...!"

ఢాం!