ఎనోక్ కార్ఖానాలో ఎర్రదారం

వెర్మాంట్‌లో, మా నది ఒడ్డున, ఎనోక్ కార్ఖానా అంటే చాలు... పొద్దుగూకాక ఎంత మొనగాడైనా చుట్టు తిరిగి పోవాల్సిందే. తాళం వేసిన గదిలో తక్కెడ కదులుతుందట. ఎవరో దగ్గుతారట.

కలపను చిత్రికపట్టే యంత్రాలకు అక్కడ కత్తులు చేసేవాళ్ళు. జతలో రెండు కత్తులూ సరిసమానంగా తూగాలి. వీసమెత్తు తేడా ఉన్నా, యంత్రం జోరుమీద ఉన్నప్పుడు కత్తి ఊడి ఎగురుతుంది. అందుకే తూచిన జతకే ఎర్రదారం. ఎడమచేతికి రెండే వేళ్ళున్న ఎనోక్ ఆ దారాన్ని పంటితో లాగి ముడేసేవాడు. ఒక్కసారి... ఒకే ఒక్కసారి తూచకుండా యంత్రానికి బిగించాడు. ఆ కత్తే అతని గుండెల్లో దిగింది.

ఆయన పోయాక భార్య లవీనియా ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. 1873 చలికాలానికి మిగిలింది ఒక్క ఆర్డరు, పన్నెండు జతలు. పొద్దున రైలుకి అందకపోతే కార్ఖానా వేలానికే. పాపం, ఆవిడ ఎక్కడికి పోతుంది?

"అయిపోయాయమ్మా, అన్నీ కట్టేశాను," అన్నాడు ఆ ముందురాత్రి మేస్త్రీ అమోస్.

పెట్టె మూసి, తాళం వేసి, ఇద్దరూ వాకిట్లోకి వచ్చారో లేదో — లోపల టింగుమని చప్పుడు.

తక్కెడ!

"వద్దమ్మా... వెళ్ళొద్దు," అమోస్ గొణిగాడు.

"ఆ పెట్టె పోయాక నేను బతికి ఏం చెయ్యను?"

తాళం తీసింది. పెట్టె మూత తెరిచి ఉంది. దారాలు తెగిపడి ఉన్నాయి. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

"చచ్చి కూడా నన్ను సాధిస్తావా, ఎనోక్! నా నోటికాడ కూడు లాక్కుంటావా!"

అమోస్ కుప్పకూలాడు. "ఆయన తప్పు కాదమ్మా... నాది. టైము చాల్లేదు. కంటికి సమానంగానే ఉన్నాయని, తూచకుండా కట్టేశాను."

ఆవిడ ఒక జత తక్కెడలో వేసింది. ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంకో జత... అదీ అంతే.

"ఇవి వెళ్ళుంటే ఏ ఆడదాని మొగుడు పోయేవాడో," అంది. "లే. సానరాయి తిప్పు. తెల్లారేలోపు ఎన్నయితే అన్ని."

అప్పుడు కనబడింది. పెట్టె అడుగున ఒక్క జతకి మాత్రం దారం ఉంది. తూచింది. సరిసమానం.

"ఇదొక్కటి తూచావా?"

"లేదమ్మా... ఒక్కటీ తూచలేదు."

లవీనియా ముడిని వేలితో తడిమి చూసింది. పంటిగాట్లు...

దారం ఇంకా తడిగానే ఉంది.