కంపైలర్‌కు కప్పిన శాలువా

"మళ్లీ మొదటికొచ్చింది!" పేరిందేవి కీబోర్డును విసురుగా పక్కకు తోసింది.

కాకినాడ సముద్రద్వారాల కంట్రోల్ రూమ్‌లో పాత మెషీను పని మధ్యలో గుటుక్కుమంది. సాయంత్రమే కాశీ బండి. ఈ పని పూర్తయితేనే ఆవిడకు రిటైర్మెంటు. ఇప్పటికే పొడిగించిన సర్వీసును మళ్లీ మళ్లీ పొడిగించారు. మనసులో విశ్వనాథుడు, ఎదురుగా నల్లటి స్క్రీను!

సంగతేమిటో చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి. కడలి ఊళ్లోకి రాకుండా కాపాడే ఆ గేట్లను నడిపే ప్రోగ్రామును లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో రాశారు. దాన్ని చిప్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. చిత్రమేమిటంటే, ఆ కంపైలర్‌ని కూడా లిస్ప్‌లోనే రాశారు! మరి కొత్తరకం చిప్ వస్తే దాని కంపైలర్‌ని ఎవరు పుట్టించాలి? పాత మెషీనే. పురుడు అమ్మమ్మగారింట్లో, పెంపకం నాన్నమ్మగారింట్లో అన్నమాట. దీన్నే క్రాస్-కంపైలింగ్ అంటారు. అక్కడికెళ్లాక ఆ బిడ్డ తనను తానే మళ్లీ కంపైల్ చేసుకోగలిగితే, ఇక పాత మెషీనుకు సెలవు. పేరిందేవికీ సెలవు.

పైగా ఆవిడ ఒక మెళకువ కనిపెట్టింది. చిప్ వివరాలన్నీ ఒక చిన్న భాగంలో విడిగా పెట్టింది. ఆ భాగం మార్చి రాస్తే చాలు, కంపైలర్ ఏ చిప్ మీదకైనా దిగుతుంది. ఆ భగవంతుడిచ్చిన బుద్ధి!

మెషీను మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. వెనక్కి వెళ్లి చూస్తే, ఫ్యాన్‌ను నిండా మూసేస్తూ జరీ శాలువా!

"ఇదెవరు కప్పారు సార్?"

"నేనేనమ్మా," అన్నాడు డైరెక్టర్ గంగాధరం సంబరంగా. "ఇన్నేళ్లు సేవ చేసింది కదా, సన్మానం లేకుండా పంపితే బాగోదు."

"ఊపిరాడక పోయింది సార్ మీ సన్మానానికి!"

"అయ్యో! దండ కూడా వేశామే..."

"దండేదీ?"

"ఇందాక ఇక్కడే ఉండాలి."

పేరిందేవి ఫ్యాన్ రెక్కల్లోంచి బంతిరేకులు ఒక్కొక్కటే పీకింది. "కూర్చోండి. విసరండి. చెయ్యి ఆపారంటే ఊరుకోను."

డైరెక్టర్ సన్మానపత్రం అట్టతోనే విసిరాడు. మెషీను చల్లబడి లేచింది. ఈసారి పని పూర్తయింది. కొత్త చిప్ ఉన్న మెషీను తన కంపైలర్‌ని తానే తయారుచేసుకుంది. పాత మెషీను పుట్టించినదీ, ఇదీ చివరి అంకె దాకా ఒక్కటే! పేరిందేవి కళ్లుమూసి దణ్ణం పెట్టుకుంది.

"ఇంక ఇది ఏ చిప్ మీదైనా నడుస్తుందా అమ్మా?"

"నడుస్తుంది సార్. ఆ చిన్న భాగం మార్చి రాస్తే చాలు."

"ఆ ధైర్యంతోనే టెండర్లు పిలిచేశాం! ఏది చవగ్గా వస్తే అది కొనేశాం. గేటుకో కంపెనీ, గేటుకో రకం చిప్!"

"మరి గేటుకో భాగం ఎవరు రాస్తారు?"

గంగాధరం ఆవిడ కోసం తెచ్చిన రెండో శాలువాను మెల్లగా సంచిలోకి దోపేశాడు. "ఇది... తర్వాత కప్పుదాంలెండి. మీ సర్వీసు మళ్లీ పొడిగించిన ఆర్డరు పొద్దున్నే వచ్చింది."

పేరిందేవి పాత మెషీను స్విచ్చి కట్టేసి, తీసిన శాలువానే మళ్లీ దాని మీద కప్పింది.

"వెళ్లిరా తల్లీ," అంది. "నీకైనా మోక్షం దొరికింది."