ఇస్త్రీపెట్టె కాపడం

ఆ ఇంట్లో పొద్దున్నే ముందు వేడెక్కేది పొయ్యి కాదు, ఇస్త్రీపెట్టె. టైలరుగారి నడుం పట్టేసిన దగ్గర్నుంచి ఆయన భార్య పాత దుప్పటి ముక్కని మడతపెట్టి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి, నడుం నుంచి పిక్క దాకా కాపడం పెడుతోంది. ఊళ్లో వాళ్ల బట్టల ముడతలన్నీ తీసిన పెట్టె, కట్టుకున్నవాడి నడుం నొప్పి తీయలేదా అని ఆవిడ ధీమా.

"అత్తయ్యా, నొప్పి కాల్లోకి దిగింది. ఇవాళైనా డాక్టరుకి చూపిద్దాం," అంది కోడలు, ఆఫీసు డబ్బా సర్దుకుంటూ.

"పొద్దున్నే మొదలెట్టావా తల్లీ! మా బావగారినీ అలాగే పట్టుకెళ్లారు. ఆపరేషనయ్యాక ఆయన మళ్లీ మంచం దిగలేదు. ఈయన్నీ పడుకోబెడదామనా నీ ఉద్దేశం?"

కోడలి మొహం చిన్నబోయింది. డాక్టరు మాట కోడలు కిట్టక అన్నది కాదని అత్తగారికీ తెలుసు. కానీ భయం నోట్లోంచి వచ్చేటప్పుడు కోపంలాగే వస్తుంది.

బోర్లా పడుకున్న టైలరుగారు సర్దిచెప్పబోయారు. "పొద్దున్నే గొడవెందుకమ్మా? మీ అత్త చేతి చలవ, రాత్రి నుంచి కాల్లో నొప్పే లేదు."

"విన్నావా?" అంది ఆవిడ గర్వంగా.

"ఇంకాస్త వేడి చెయ్యవే. పిక్క మీద తగలడమే లేదు."

ఆవిడ పెట్టెని గట్టిగా అదిమి, గుడ్డని మళ్లీ పిక్క మీద వేసింది. కోడలికి అనుమానం వచ్చి చెయ్యి వేసి చూసింది. వేళ్లు చురుక్కుమన్నాయి. గబుక్కున గుడ్డ లాగేసింది. కింద చర్మం ఎర్రగా కమిలి, బొబ్బ లేస్తోంది.

"ఏమైంది?" అన్నారు ఆయన తాపీగా.



"నొప్పి తగ్గలేదు అత్తయ్యా. స్పర్శ పోయింది!" అంది కోడలు. "మావయ్యా, కాలి వేళ్లు పైకి లేపండి."

ఆయన పళ్లు బిగించారు. బొటనవేలు కదల్లేదు.

"నిన్నటి నుంచి చెప్పు జారిపోతున్నా తెలియట్లేదమ్మా," అన్నారు మెల్లగా. "మీ అత్త బాధపడుతుందని చెప్పలేదు." భార్య వైపు చూశారు. "అన్నయ్య కూడా ఇలాగే అన్నాడే. నొప్పి పోయిందని మురిసిపోయి, కాలు ఈడ్చుకుంటూ ఏడాది తిరిగాడు. ఆ తర్వాతే ఆస్పత్రికెళ్లాడు."

ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది. పెట్టె ప్లగ్గు పీకేసి, కోడలి భుజం పట్టుకుంది. "ఆటో పిలువమ్మా. నా చేత్తో నేనే కాల్చుకున్నాను."

నరం బాగా నొక్కుకుపోయిందని ఆ రోజే ఆపరేషను చేశారు. "నొప్పి ఉన్నప్పుడు కొన్నాళ్లు ఓపిక పట్టొచ్చు. కాలు మొద్దుబారినా, బలం తగ్గినా ఒక్కరోజు కూడా ఆగకూడదు," అంది డాక్టరమ్మ. స్పర్శ ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేనంది.

వారాలు గడిచాయి. ఆవిడ రోజూ ఆ పాదం నిమురుతూ, "తెలుస్తోందా?" అని అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపేవారు.

ఒకరోజు కోడలు హడావుడిలో కుర్చీ జరుపుతూ ఆయన అదే కాలి బొటనవేలు తొక్కేసింది.

"అబ్బా! కాలమ్మా, కాలు!"

కోడలు నాలుక్కరుచుకుంది. వంటింట్లోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. కోడల్ని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"తొక్కించుకున్నది నేనైతే ఏడుపు నీకెందుకే?"

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏదీ తల్లీ, ఆ చిటికెన వేలు కూడా తొక్కి చూడు."