పద్మకుమారి సిఫారసు చేసిన కథ

ఆదివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పద్మకుమారి ఒక కథను సిఫారసు చేసింది. పదకొండు గంటలయ్యేసరికి దాన్ని పద్నాలుగు వందల మంది చదివారు. ముందు రోజు వరకు చదివినవాళ్లు తొమ్మిది మంది.

పద్మకుమారి కాపురం ఉత్తరాదిన, హిందీ మాట్లాడే కార్ఖానాల ఊళ్లో, భాలుబాసా పేటలో. తెలుగు కథల సైటులో ఆరేళ్లుగా రాస్తోంది. కాని పేరు వచ్చింది రాసిన వాటికి కాదు, ఎంచిన వాటికి. ప్రతి ఆదివారం ఎవరూ తెరవని కథ ఒకటి వెతికి, నాలుగు మాటలు రాసి తన పాఠకుల ముందు పెడుతుంది. దానికి ఆమె పెట్టుకున్న నియమం ఒకటే. రాసింది ఎవరని అడగదు. ఎవరో తెలిస్తే మొహమాటం వస్తుందని, మొహమాటం వస్తే మెచ్చుకోలుకు విలువ ఉండదని ఆమె లెక్క.

ఈ వారం కథ ‘వెన్నెల’ అనే కలం పేరుతో వచ్చింది. కార్ఖానా షెడ్డులో పైకప్పు కింద నడిచే క్రేను ఆపరేటరు కథ. అతనికి చూపు తగ్గుతోంది. ఏటా కళ్ల పరీక్షకు ఒకే అట్ట పెడతారు కాబట్టి, దాన్ని ఫోనులో ఫొటో తీసి తెచ్చి, అక్షరాలు కూతురి చేత పెద్దగా రాయించుకుని, బట్టీపట్టి నెగ్గుకొస్తున్నాడు. కింద బరువుకు గొలుసులు కట్టే మనిషి చేతి సైగలు కనబడక, దుమ్ము సాకు చెప్పి ఈల వెయ్యమన్నాడు. ఒక రోజు కొక్కెం ఆ మనిషి భుజానికి అడుగు దూరంలో దిగింది. చివరికి ఆపరేటరు తనంతట తానే క్రేను దిగి, ఇక ఎక్కనని చెప్పేస్తాడు.

పద్మకుమారి భర్త నాగేంద్రబాబు కూడా పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో ఒక కాంట్రాక్టరు షెడ్డులో ఇరవై రెండేళ్లుగా క్రేను నడుపుతున్నాడు. కథ తన మనసుకు పట్టింది అందుకేననుకుంది. ఐదు నక్షత్రాలిచ్చింది. ఈల సంగతి ఊహించినందుకు మెచ్చుకుంది. ముగింపు మాత్రం ఒప్పుకోలేదు. ‘ఉద్యోగం ఎవరూ చేజేతులా వదులుకోరు. బరువు జారి కింద మనిషి మీద పడాలి. అప్పుడే కథ నిలుస్తుంది’ అని రాసింది. ఆ మాట కింద అరవై మంది అవునన్నారు.

వెన్నెల జవాబు విడిగా, ఆమె ఒక్కతే చూసేలా వచ్చింది. పదకొండూ ఇరవైకి, పద్మకుమారి పప్పు తాలింపు వేస్తుండగా.

‘అలా రాయలేను. కింద ఉండేది బలరామ్ చాచా.’

ఆమె రెండుసార్లు చదివింది. కథలో కింద మనిషికి పేరు లేదు. నాగేంద్రబాబు క్రేను కింద గొలుసులు కట్టే మనిషి పేరు బలరామ్. ఏటా ఛఠ్ పండక్కి ఠేకువాలనే తీపి బిళ్లలు తెచ్చిస్తాడు.

పద్మకుమారి పొయ్యి ఆర్పేసింది. ఆరు నెలలుగా నాగేంద్రబాబు తన ఫోనులో మెసేజీలు కూతురి చేత చదివించుకుంటున్నాడు. మోకాలు నొప్పని బండి అమ్మేసి ఆటోలో వెళ్తున్నాడు. అడిగినప్పుడల్లా ఒక కారణం చెప్పాడు. ఆమె నమ్మింది.

కూతురు సోనీ లోపలి గదిలో ఉంది. కాలేజీలో రెండో ఏడు. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. చిన్నప్పుడు నేర్పిన అక్షరాలు మరిచిపోయి ఉంటుందనే తల్లి అనుకుంది.

“నువ్వేనా?”

సోనీ తలూపింది. ఎందుకు చెప్పలేదని తల్లి అడిగింది.

“పాపా నే కసమ్ దిలాయీ థీ,” అంది సోనీ. అమ్మకు చెప్పనని తండ్రి తన చేత ఒట్టు వేయించుకున్నాడు. తరువాతి మాటలు తెలుగులోనే అంది. “నువ్వు ఎవరూ సూడని కతలే ఎతుకుతావు కదా. నా నోటితో సెప్పకుండా నీకు తెలియాలంటే అదొకటే దారి. మూడు వారాల్నించి ఎదురు సూత్తన్నా. సదివేవు, నచ్చత్రాలిచ్చేవు. మనింటి కతని మాత్రం తెల్లేదు.”

నాగేంద్రబాబుది ఆ రోజు రెండు గంటల షిఫ్టు. స్నానం చేసి భోజనానికి వచ్చాడు. పద్మకుమారి సైటులో వచ్చిన కథ సంగతి చెప్పి, ఈ పూట క్రేను ఎక్కొద్దంది. అతను కూతురు ఉన్న వైపు తిరిగాడు.

“ఇరవై రెండేళ్లు నడిపేను. కళ్లు మూసుకున్నా దింపుతాను,” అన్నాడు.

“మూసుకునే దింపుతన్నారు కదండీ.”

అతను గొంతు పెంచలేదు. యాభై ఒక్కేళ్ల మనిషికి కింద పని ఎవరిస్తారని అడిగాడు. సోనీ చదువు అయ్యేదాకా, రెండేళ్లు చాలన్నాడు.

“మేరే నామ్ పే మత్ కీజియే, పాపా.” తన పేరు చెప్పి ఆ పని చెయ్యొద్దంది సోనీ.

ఇంటి సంగతి బజార్లో పెట్టావని నాగేంద్రబాబు కూతుర్ని అన్నాడు.

“బజార్లో పెట్టింది అది కాదండీ, నేను. బరువు పడాలని రాసింది కూడా నేనే. కత బాగుంటాదని.” పద్మకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగడానికి కొంతసేపు పట్టింది.

నాగేంద్రబాబు ఆ కథ చదివి వినిపించమన్నాడు. ఆమె చదివింది. కొక్కెం భుజానికి అడుగు దూరంలో దిగిందన్న చోట అతను చెయ్యి ఎత్తి ఆపాడు.

“అడుగు కాదు. జానెడు. దీనికి అడుగని సెప్పేను.”

మిగతాది ఎవరూ చదవమనలేదు. అన్నం ఎవరూ తినలేదు. ఒంటి గంటా ఇరవైకి నాగేంద్రబాబు బూట్లు వేసుకున్నాడు. పద్మకుమారి గుమ్మంలో నిలబడింది. డ్యూటీకి వెళ్లాలన్నాడు. అక్కడ ఏం చేస్తాడో చెప్పలేదు. ఆమె అడిగినా చెప్పలేదు.

“సోనీ, నువ్వు రా. గేటు దాకా.”

ఇన్నేళ్లలో ఇంట్లోవాళ్లను అతను షెడ్డు దాకా రానివ్వలేదు. మెట్టు దిగేటప్పుడు కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

పద్మకుమారి ఫోను ముందు కూర్చుంది. ముగింపు మార్చమన్నవాళ్లు అప్పటికి తొంభై మంది. కింద మనిషికి పెళ్లాం బిడ్డలు ఉన్నట్టు రాస్తే ఇంకా బాగుంటుందని ఒకరు రాశారు. ఆమె తన మాట తీసేసింది. వాళ్లవి తీసేయడానికి వీలు లేదు.

రెండుంపావుకు సోనీ ఫోను చేసింది. నాన్న లోపలికి వెళ్లాడని, తనను గేటు దగ్గర ఆపేశారని చెప్పింది. క్రేను కదిలేటప్పుడు మోగే గంట లోపల్నించి వినబడుతోందా అని పద్మకుమారి అడిగింది. మోటార్ల మోతలో తెలియడం లేదంది. తరువాత నలభై ఐదు నిమిషాలు ఏ ఫోనూ రాలేదు. పద్మకుమారి రెండుసార్లు భర్తకు చేసింది. ఎత్తలేదు.

మూడు గంటలకు బలరామ్ చేశాడు. అతని గొంతు వినగానే, నీకేం కాలేదు కదా అని పద్మకుమారి అడిగింది. బలరామ్ హిందీలో చెప్పాడు. నాగేంద్రబాబు క్రేను ఎక్కలేదు. సూపర్‌వైజరు సత్యప్రసాద్ ముందు కూర్చుని, కళ్ల పరీక్ష సంగతి మొదలుకుని అంతా చెప్పాడు. ఆ తరువాత తన దగ్గరికి వచ్చి ఆ కొక్కెం సంగతి చెప్పాడు. సోమవారం కళ్ల డాక్టరు దగ్గరికి పంపుతామన్నారు. పని ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు.

ఆ షిఫ్టులో క్రేను నడవలేదు.